తేలిక బూట్ల కోసం ఇంత తిప్పలా?

పొద్దున కొండెక్కి సాయంత్రానికి దిగేసే నడకకు ఓ మంచి తేలిక బూట్ల జత దొరకడం ఇంత కష్టమా? పాదానికి కట్టుకున్న బరువు, వీపున మోసే అంతే బరువు కంటే ఎన్నో రెట్లు అలసట తెస్తుంది. అందుకే తేలికవి అడుగుతాం. ఇస్తారు, కానీ ముందుభాగం ఇరుకు! నడిచేకొద్దీ పాదం ఉబ్బుతుంది. దిగుడులో ముందుకు జారి వేళ్లు బూటు కొసకు గుద్దుకుంటాయి, గోళ్లు నల్లబడతాయి. బొటనవేలి ముందు వేలెడు చోటు వదలడానికి ఏం అడ్డం?

ఇక వాటర్‌ప్రూఫ్ గోల. ఏ జత చూసినా గోర్‌టెక్స్ లాంటి, నీళ్లు చొరనివ్వని పొర ఒకటి. ఎండలో చెమట చాలావరకు లోపలే. వాగు దాటేటప్పుడు పైనుంచి నీళ్లు దూరాయంటే ఆ పొరే వాటిని బయటికి పోనివ్వదు. జాలీలా అల్లిన మెష్ బూటైతే నడుస్తుండగానే చాలావరకు ఆరిపోతుంది. అది అడిగితే మన సైజు ఉండదు!

అన్నిటికంటే ఒళ్లు మండేది సోల్ విషయంలో. బరువు గ్రాములతో సహా రాస్తారు. గాట్లు ఎంత లోతు, తడి బండ మీద ఆ రబ్బరు పట్టు నిలుస్తుందా అన్నది మాత్రం చాలాచోట్ల రాయరు. మేం కాలు విరగ్గొట్టుకునేది ఆ తడి బండల మీదేనండీ, ముందు అది చెప్పండి!