ప్రశాంతత: గురువారం, ఆరో పీరియడ్

బెంగళూరు బడుల్లో పిల్లల మనసు గురించి పట్టించుకోవట్లేదని ఇక ఎవరూ అనడానికి వీల్లేదు. వైట్‌ఫీల్డ్‌లో మా అబ్బాయి చదివే బడిలో గురువారం ఆరో పీరియడ్‌ని ప్రశాంతతకే కేటాయించారు. పోర్షన్ వెనకబడితే మాత్రం మాథ్స్ సార్ వస్తారు. పోర్షన్ జూన్ నుంచీ వెనకబడే ఉంది.

విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఓ అమ్మాయి మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. 100 మంది, ఆపైన విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలర్ ఒకరైనా ఉండాలంది. మా బడిలో ఉన్నారు. పొద్దున బస్ డ్యూటీ, ఆ తర్వాత సెలవు పెట్టిన టీచర్ల క్లాసులు, అవన్నీ అయ్యాక కౌన్సెలింగ్. ఆవిడ గది ప్రిన్సిపాల్ గది పక్కనే, అద్దాల తలుపుతో. వెళ్లాలంటే క్లాస్ టీచర్ సంతకం పెట్టిన చీటీ కావాలి. అందులో 'కారణం' అని ఒక గడి. మావాడి స్నేహితుడొకడు 'కడుపునొప్పి' అని రాస్తే నర్సు దగ్గరికి పంపారు. తెలివైనవాడు. అసలు కారణం రాసుంటే సాయంత్రానికి బస్సంతా చదివేసేది.

వీలైనంతవరకు మార్కుల్ని బట్టి బ్యాచులు విడగొట్టొద్దని కూడా కోర్టు చెప్పింది. వెంటనే టాపర్స్ బ్యాచ్ ఎత్తేశారు. ఇప్పుడది ఎవరెస్ట్ బ్యాచ్. మిగతావాళ్లది నందిహిల్స్ బ్యాచ్. వివక్ష అనకండి, రెండూ కొండలే.

హెల్ప్‌లైన్ నంబర్లు అందరికీ కనబడేలా పెద్ద అక్షరాల్లో పెట్టాలన్నారా, ఈ ఒక్క విషయంలో మావాళ్లకి వంక పెట్టలేం. గేటు పక్కనే టెలి మానస్ 14416, నిలువెత్తు అంకెల్లో. 2022లో మొదలైన సేవ, 24 గంటలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు, వెనకున్న మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ఈ ఊళ్లోదే. దాని కిందే ఇంకో బోర్డు: 'విద్యార్థులు ఫోన్ తెచ్చినచో స్వాధీనపరచుకోబడును.'

తల్లిదండ్రులం మేమేం తక్కువ తినలేదు. మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో మన కడప ఆయన లేచి, "మేడమ్, పిల్లలకి టెన్షన్ ఉండకూడదు, ఆ విషయంలో రాజీ లేదు" అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. ఆయన కూర్చోలేదు.

"కాకపోతే ఈ కౌన్సెలింగ్ బడి టైములో ఎందుకండీ? రాత్రి పదకొండుకి ఆన్‌లైన్‌లో పెట్టండి. మావాడికి కోచింగ్ పదిన్నరకి అయిపోతుంది, ఆ తర్వాత ఖాళీయే."