హన్నా, పెనిన్నా: సవతుల పోరుకు మూలం ఎక్కడ?

పిల్లల్లేని దంపతుల కోసం మన సంఘాల్లో ప్రార్థన జరిగితే, బైబిల్లో పిల్లల కోసం కన్నీళ్లతో వేడుకున్న హన్నా పేరు రావాల్సిందే. ఆమె కన్నీళ్ల గురించి ఎంతో చెబుతారు. ఆ ఇంటి పంపకాల గురించి ఎవరూ చెప్పరు.

ఏటా మందిరమున్న షిలోహుకు వెళ్లి బలి అర్పించాక మాంసం పంచేది హన్నా, పెనిన్నాల భర్త ఎల్కానాయే. పెనిన్నాకూ ఆమె కొడుకులకూ కూతుళ్లకూ తలో పాలు. ప్రియమైనది కాబట్టి హన్నాకు, తెలుగు బైబిలు ప్రకారం, రెండు పాళ్లు. ఇంటికి వారసుల్ని కన్న భార్య కళ్లెదుటే ఈ పంపకం! పెనిన్నా సూటిపోటి మాటలు ఏటా సరిగ్గా ఈ యాత్రలోనే ఎందుకు పెచ్చుమీరేవో వేరే చెప్పాలా? ఆమెను గయ్యాళిగా చిత్రించే బోధకులు ఎల్కానాను మాత్రం మంచి భర్తగా వదిలేస్తారు.

యాకోబు ఇంట్లోనూ అంతే. ఆయన భార్యలైన రాహేలు, లేయా అక్కాచెల్లెళ్లు. ప్రేమ రాహేలుది, కొడుకులు లేయావాళ్లు. రాహేలు తన దాసి బిల్హాను భర్తకిచ్చింది. కాన్పులు ఆగగానే లేయా కూడా తన దాసి జిల్పాను ఇచ్చింది. ఇది వాళ్లు కొత్తగా కనిపెట్టిన ఉపాయమేమీ కాదు. క్రీ.పూ. 18వ శతాబ్దపు బబులోను రాజు హమ్మురాబి శాసనం 146వ నిబంధన, పూజారిణి అయిన భార్య భర్తకు దాసిని ఇచ్చే సందర్భం గురించే. బిడ్డను కన్న దాసి యజమానురాలితో సమానమనుకుంటే ఆమెను అమ్మకూడదు, తిరిగి దాసీల్లో కలపవచ్చు. అబ్రాహాము భార్య శారాకూ ఆమె దాసి హాగరుకూ వచ్చిన తగవు చదివినవారికి ఇది కొత్తగా అనిపించదు. భార్య బతికుండగా ఆమె తోబుట్టువును చేసుకోవద్దని లేవీయకాండం 18:18 నిషేధించింది కూడా ఈ పోరు తెలిసే.

గర్భం కలిగిస్తాయని నమ్మిన పుత్రదాత వృక్షపు పండ్ల ఉదంతం మరీ ఆసక్తికరం. గోధుమ కోతలప్పుడు లేయా కొడుకు రూబేను తెచ్చిన ఆ పండ్ల కోసం రాహేలు ఒక రాత్రికి భర్తను లేయాకు వదిలింది. తీరా గర్భం ధరించింది పండ్లు దక్కించుకున్న రాహేలు కాదు, ఇచ్చేసిన లేయా. ఇశ్శాఖారు, జెబూలూను, దీనా పుట్టాకే యోసేపు కడుపున పడ్డాడు. నాటు మందుల మీద కథకుడి చురక ఇది.

హన్నా దాసిని ఇవ్వలేదు, మందూ వెతకలేదు. కొడుకు పుడితే యెహోవాకే ఇచ్చేస్తానని మొక్కుకుంది. సంఖ్యాకాండం 30 ప్రకారం భార్య మొక్కుబడి విన్న రోజే భర్త దాన్ని కొట్టేయవచ్చు. ఎల్కానా కొట్టేయలేదు. పాలు విడిచాక ఆ బిడ్డ మందిరంలో ఉంటాడు, పెనిన్నా పిల్లల సరసన కూర్చుని బలి మాంసంలో వాటా అందుకోడు. అంటే సవతి మీద గెలవడానికి పనికొచ్చే కొడుకును ఆమె అడగలేదు.

‘హన్నాలా ఏడిస్తే పిల్లలు పుడతారు’ అనే బోధకు గ్రంథంలో ఆధారం బలహీనం. దావీదు భార్య మీకాలుకు చనిపోయేదాకా పిల్లల్లేరు. పిల్లలు లేకపోతే చచ్చిపోతానన్న రాహేలు రెండో కాన్పులో ఎఫ్రాతా దారిలోనే చనిపోయింది. ఇక హన్నా వెళ్లి భోజనం చేసిందనీ, ఆమె ముఖంలో దుఃఖం పోయిందనీ 1 సమూయేలు 1:18 చెబుతోంది. గర్భం ప్రస్తావన వచ్చేది ఆ తర్వాతే.