సవరణ: చైనాలో చర్చి వాలంటీర్ల వేసవి ఇంగ్లీష్ క్లాసులు

"వేసవిలో విదేశీ చర్చిల వాలంటీర్లు చైనా వెళ్లి, పిల్లలకు ఇంగ్లీష్ నేర్పుతూ మత ప్రచారం చేస్తారు" అని పోయిన పోస్టులో ఉన్న వాక్యాన్ని తీసేశాను. అక్కడ ప్రస్తావించిన అమిటీ ఫౌండేషన్ (చైనా క్రైస్తవులు నడిపే సేవా సంస్థ) వేసవి ఇంగ్లీష్ కార్యక్రమానికి అది వర్తించదు.

ఆ క్లాసుల్లో కూర్చునేది ముఖ్యంగా టీచర్లు. పల్లెల్లో, చిన్న పట్టణాల్లో మిడిల్ స్కూల్ పిల్లలకు ఇంగ్లీష్ చెప్పేవాళ్లు. గ్రామర్ వాళ్లకు బాగానే వచ్చు, మాట్లాడే అవకాశమే తక్కువ. అందుకే సంభాషణ, ఉచ్చారణ మీద ఎక్కువ శ్రద్ధ పెడతారు. ఒక టీచర్ టెన్షన్ లేకుండా ఇంగ్లీష్‌లో మాట్లాడగలిగితే, ఆ మేలు ఏళ్ల తరబడి ఎంతమంది పిల్లలకు అందుతుందో ఆలోచించండి! నాకు ఈ పద్ధతి మీద గౌరవం అందుకే.

ఇక మత ప్రచారం మాట. దీన్ని సరిచేయడం ఇంకా అవసరం. 1985లో నాన్‌జింగ్‌లో అమిటీని మొదలుపెట్టింది బిషప్ డింగ్ గ్వాంగ్‌షున్, ఇంకా ఇతర చైనా క్రైస్తవులే. బయటి చర్చిలు మనుషుల్ని పంపుతాయి కానీ, వాళ్లు వెళ్లేది టీచర్లుగానే. విదేశీయులు చైనా పౌరులను మతంలో చేర్చుకోవడాన్ని 1994 నాటి ప్రభుత్వ నిబంధనలు నిషేధించాయి. ప్రచారం అని తేలిగ్గా రాసేస్తే, పిలిచిన స్కూళ్లకే ఇబ్బంది.

పోయిన పోస్టులో కాలిగ్రఫీ (అందమైన చేతిరాత), తైజీ అనే నెమ్మదైన వ్యాయామం, మన కజ్జికాయ ఆకారంలో ఉండే జియావోజీ అనే వంటకం గురించి రాసిన భాగం అలాగే ఉంచాను.