గడిలో అంకె: ఒక గంభీర విచారణ

విశాఖ పోర్టు చుట్టుపక్కల ఏ కంటైనర్ యార్డులో చూసినా పెట్టె తలుపు మీద నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, ఆరంకెలు, వాటి పక్కన గడి కట్టి ఇంకో అంకె ఉంటాయి. ఆ గడి అంకె దేనికన్నది ఆఫీసుల్లో ఇంకా తేలలేదు. అద్దె రేటు కోడని అకౌంట్స్ వాళ్ల వాదన. కాదు, కస్టమ్స్ వారి రహస్య గుర్తని గేటు దగ్గర గుసగుస. ఇక సంఖ్యాశాస్త్రం చదివిన పెద్దాయన లేని ఆఫీసు గాజువాకలో లేదు కదా. ఆయన లెక్కలో ఎనిమిదంటే శని. ఎనిమిది ఉన్న పెట్టెను శనివారం కదపకూడదు. ఈ సిద్ధాంతానికే అనుచరులు ఎక్కువ, శనివారం మధ్యాహ్నం మరీను.

పాపం, ఆ అంకెకు నిజంగానే అర్థం ఉంది. కంటైనర్ల నంబర్లకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం, ఐఎస్ఓ 6346, దాన్ని లెక్కగట్టే పద్ధతి చెబుతుంది. ముందు అక్షరాలను అంకెలు చేయాలి: ఏ 10, బీ 12, సీ 13, అలా జెడ్ 38 దాకా. దారిలో 11, 22, 33 వదిలేస్తారు, ఎందుకంటే చివర భాగించేది 11తోనే. పది స్థానాలనూ వరసగా 1, 2, 4, 8 ఇలా రెట్టింపు చేసుకుంటూ 512 దాకా గుణించి, మొత్తం కూడి, 11తో భాగిస్తే మిగిలే శేషమే గడిలోకెక్కుతుంది. పాఠాల్లో ఉదాహరణగా ఇచ్చే సీఎస్‌క్యూయూ 305438 తీసుకోండి. మొత్తం 6185, శేషం 3. శేషం 10 వస్తే గడిలో 0 వేస్తారు. అప్పుడు అసలు సున్నాకూ దీనికీ తేడా తెలియదు కాబట్టి అలాంటి నంబర్లు వాడొద్దని సలహా. సలహానే లెండి.

ఉప్పుగాలికి పెయింటు లేచిపోయిన తలుపు మీద 3, 8 కవలల్లా ఉంటాయి. అది చాలదన్నట్టు రాత్రి షిఫ్టు ట్యాలీ క్లర్కు, అంటే పెట్టెల నంబర్లు రాసుకొచ్చే గుమాస్తా, 5నూ 4నూ తారుమారు చేసి 305438ని 304538 అని రాసుకొచ్చాడనుకోండి. మొత్తం 6249 అవుతుంది, శేషం 1. గడిలో ఉన్నది 3. కంప్యూటరు ఎర్రగీత పెట్టి ఒప్పుకోదు. ఆ గడి ఉన్నదే అందుకు.

ఇక్కడే మన ప్రతిభ బయటపడుతుంది. తలుపు దగ్గరకు మళ్లీ వెళ్లి చూడాలంటే ఎండ, దుమ్ము, పెట్టెలెత్తే రీచ్ స్టాకర్ బండ్ల హారన్లు. అదే కుర్చీలో కూర్చుని చివరి అంకెను 0 నుంచి మార్చుకుంటూ పోతే పదింటిలో ఒకదానికి కంప్యూటరు తప్పక ఒప్పుకుంటుంది. 1 కొట్టగానే పచ్చగీత. “ఏటి గురూ, అయిపోనాదా?” “అయిపోయింది.” తప్పు పట్టుకోవడానికి పెట్టిన అంకెతోనే తప్పుకు సర్టిఫికెట్ ఇప్పించిన ఈ పద్ధతికి ఇంకా పేటెంట్ ఎవరూ తీసుకోకపోవడం ఆశ్చర్యం.

ఇప్పుడు యార్డులో ఒక పెట్టె ఉంది, రికార్డులో లేదు. రికార్డులో ఒకటి ఉంది, యార్డులో లేదు. పోర్టు గేటులో గేటు పాసు నంబరుకూ తలుపు నంబరుకూ పొత్తు కుదరక ట్రైలరు పక్కకెళ్లి నిలబడుతుంది. వెయిటింగ్ చార్జీ ఎవరు కట్టాలన్నదానిపై మెయిళ్లు మొదలవుతాయి. సీసీలో అందరూ ఉంటారు, తలుపు చూసినవాడు తప్ప.

తలుపు ఫోటో లేనిదే ఎంట్రీ చేయొద్దని, ఎర్రగీత పడితే చివరి అంకెను ముట్టుకోకుండా మిగతా పదీ మళ్లీ చదవాలని కొందరు ఛాందసులు అంటున్నారు. అది అమలయ్యేలోగా 0 నుంచి 9 దాకా వరసగా కొట్టడాన్నే ఆఫీసు ఆర్డరుగా జారీ చేస్తే, కొత్త కుర్రాళ్ల ట్రైనింగ్ ఖర్చయినా మిగులుతుంది.