ఎనిమిది గ్రాముల ఇనుము

యుద్ధం దగ్గరపడిందనగానే బహిరంగ చర్చలో రెండు గొంతులు హెచ్చుతాయి. ఒకటి వీరత్వాన్ని పొగుడుతుంది, మరొకటి శాంతిని కోరుతుంది. ఆయుధం ఎంత దూరం పోతుంది, ఎంత వేగంగా పోతుంది, ఎంత ధర పలుకుతుంది అన్నవి తెరమీద బొమ్మలతో సహా వివరిస్తారు. పేలకుండా పడి ఉంటే ఏమవుతుంది, నేలలో ఎన్నేళ్లు ప్రమాదకరంగా ఉంటుంది, ఎవరు తీస్తారు అని అడిగేవాళ్లు తక్కువ. ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా, ఫిన్లాండ్, పోలండ్ 2025లో మందుపాతరల నిషేధ ఒప్పందం నుంచి వైదొలుగుతామని నోటీసులిచ్చాయి. అప్పుడు కూడా ఈ ప్రశ్నలు వెనక్కే పోయాయి.

రష్యా 2022లో ఉక్రెయిన్‌పై దండెత్తిన తర్వాత ఆ సరిహద్దు దేశాలకు కలిగిన భయం నిజమైనదే. దాన్ని తేలిగ్గా తీసిపారేయడం న్యాయం కాదు. అయితే 1997లో ఒట్టావాలో సంతకాలు జరిగి 1999 మార్చి 1న అమల్లోకి వచ్చిన ఆ ఒప్పందం అసలు దేన్ని నిషేధించిందో ముందు తెలియాలి. మనిషి అడుగు పడితేనో, చెయ్యి తగిలితేనో తనంతట పేలే పాతరను మాత్రమే అది నిషేధించింది. యుద్ధట్యాంకుల కోసం పెట్టే పాతరలు దాని కిందకు రావు. మాటున కూర్చున్న సైనికుడు చూసి, నిర్ణయించుకుని, మీట నొక్కి పేల్చేవి కూడా రావు. అంటే ఒప్పందంలో ఉంటూనే సరిహద్దును కాపాడుకునే దారులు చాలా ఉన్నాయి. పైగా కాపలా లేని, వెనకనుంచి కాల్పుల దన్ను లేని పాతరల వరుస శత్రువును ఎక్కువసేపు ఆపలేదని సైనిక శిక్షణలోనే చెబుతారు. కాపలా ఉండితీరాలన్నప్పుడు మనిషికీ గేదెకూ తేడా తెలియని ఆయుధమే కావాలని ఎందుకు పట్టుబట్టాలి?

అమెరికా తయారుచేసిన ఎం14 పాతరనే తీసుకోండి. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బా. లోపల ఉండేది సుమారు 29 గ్రాముల పేలుడు పదార్థం. 9 నుంచి 16 కిలోల ఒత్తిడి పడితే చాలు, పేలుతుంది. మూడేళ్ల పిల్ల బరువు అంతే ఉంటుంది. పెద్దవాళ్లకైతే ఎక్కువగా పాదం పోతుంది. పేలుడుతో పాటు మట్టి, బట్టపీలికలు, ఎముక ముక్కలు కండలోకి దూసుకుపోతాయి కాబట్టి గాయం చీము పట్టి, కాలు ఇంకా పైకి తీసేయాల్సి వస్తుంది. డబ్బాలో లోహం అంటే ఓ చిన్న ఉక్కు సూది, అంతే. తీసేవాళ్లకు అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. మీటరు వెడల్పు బాట గుర్తుపెట్టుకుని, గడ్డి అంగుళం అంగుళం కత్తిరించి, లోహశోధక యంత్రంతో వెతుకుతారు. కూత వినబడితే 30 డిగ్రీల ఏటవాలుగా పుల్లతో పొడిచి, పక్కనుంచి మట్టి తీస్తారు. నిటారుగా పొడిస్తే పాతర నెత్తిమీదే ఒత్తిడి పడుతుంది. యంత్రం సున్నితత్వం పెంచితే ప్రతి మేకుకూ, ప్రతి తూటా తొడుగుకూ అరుస్తుంది. తగ్గిస్తే సూది దొరకదు. ఈలోగా వరదొస్తే పటాలు కూడా పనికిరావు. 2014 మే నెలలో బోస్నియాలో వరదలకు, కొండచరియలు విరిగిపడటానికి పాతరలు చోటు మారిపోయాయి.

అందుకే 1996లో సవరించిన మరో అంతర్జాతీయ నిబంధనావళిలో ఓ కొలత పెట్టారు. మనుషులపై వాడే ప్రతి పాతరలోనూ కనీసం 8 గ్రాముల ఇనుముకు సమానమైన సంకేతం ఇచ్చే లోహం ఒకే ముద్దగా ఉండాలి. దూరం నుంచి వెదజల్లే పాతరలకు ఇంకో షరతు ఉంది: 30 రోజుల్లో తమంతట తాము నాశనమైపోవాలి, అందులో విఫలమయ్యేవి పదిశాతం దాటకూడదు, 120 రోజుల తర్వాత పనిచేసే స్థితిలో మిగిలేది వెయ్యికి ఒకటికి మించకూడదు. ఒట్టావాలో చేరని అమెరికా, రష్యా, చైనా, భారత్, పాకిస్తాన్ కూడా ఈ నిబంధనావళికి కట్టుబడ్డాయి. మనసును కదిలించే మాట ఒక్కటీ ఇందులో లేదు. కానీ ఓ పిల్ల కాలు నిలవడానికి ఇలాంటి అంకెలే కారణమవుతాయని మేం నమ్ముతున్నాం.

కొలత లేని చోట, కొలత తప్పిన చోట ఏమవుతుందో చరిత్రలో ఉంది. 1868లో సెయింట్ పీటర్స్‌బర్గ్ ప్రకటన 400 గ్రాముల కంటే తేలికైన పేలుడు తూటాలను నిషేధించింది. 1899 హేగ్ ప్రకటన ఊపిరాడనివ్వని వాయువులను వెదజల్లడమే పనిగా ఉన్న ఫిరంగి గుళ్లను నిషేధించింది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం గుళ్లు వాడలేదు. సిలిండర్ల మూతలు తిప్పి క్లోరిన్‌ను గాలికి వదిలింది. 1925 జెనీవా ఒప్పందం వాడకాన్ని ఆపమంది గానీ, తయారీని, నిల్వలను ముట్టుకోలేదు. తయారీనీ నిల్వనూ కూడా నిషేధించి, తనిఖీదారులను గోదాముల్లోకి పంపే ఒప్పందం 1993కు గానీ రాలేదు. ప్రకటించిన నిల్వల్లో చివరిది 2023 జులైలో అమెరికాలో ధ్వంసమైంది.

సాహిత్యం ఈ విషయంలో చర్చావేదికల కంటే ముందుంది. భీష్మపర్వంలో యుద్ధానికి ముందే ఇరుపక్షాలూ నియమాలు పెట్టుకుంటాయి. సారథిని, బరువు మోసే పశువును, ఆయుధాలు అందించేవాడిని, భేరీ శంఖాలు మోగించేవాడిని కొట్టకూడదని అంత వివరంగా చెప్పుకుంటారు. తర్వాతి రోజుల్లో ఆ నియమాలు ఎలా కూలాయో కూడా కవి దాచలేదు. సౌప్తికపర్వంలో అర్జునుడు తన అస్త్రాన్ని వెనక్కి తీసుకోగలిగాడు, అశ్వత్థామ తీసుకోలేకపోయాడు. ప్రయోగించడం తెలుసు, ఉపసంహారం చేతకాదు. చివరికి దాన్ని గర్భస్థ శిశువుమీదికి మళ్లించాడు. తిక్కన తెలుగులో ఈ ఘట్టం చదివిన మనకు, పాతిపెట్టినవాడు మరిచిపోయిన పాతరను అర్థం చేసుకోవడానికి వేరే ఉపోద్ఘాతం అక్కర్లేదు.

అశోకుడి పదమూడో శిలాశాసనం కళింగ యుద్ధంలో లక్షమంది చనిపోయారని, లక్షన్నర మందిని తరలించుకుపోయారని, అంతకు ఎన్నో రెట్లు ఇతరత్రా మరణించారని లెక్క చెబుతుంది. గెలిచినవాడే ఆ లెక్క చెప్పడం అపురూపం. కానీ ఆ శాసనం ఎర్రగుడిలో ఉంది, దెబ్బతిన్న కళింగలోని ధౌలి, జౌగడల్లో లేదు. అడవి జాతులకు తన బలాన్ని గుర్తుచేసే హెచ్చరిక కూడా అందులోనే ఉంది. యుద్ధంపై పశ్చాత్తాప వాక్యాలు ఎవరికోసం, ఎక్కడ రాశారన్నది కూడా చూడాలని మేం అనేది ఇందుకే. 1945 ఆగస్టు 6న అమెరికా అధ్యక్షుడి ప్రకటన బాంబు బలం 20 వేల టన్నుల టీఎన్‌టీకి పైమాటేనంది, హిరోషిమాను సైనిక స్థావరమంది. ఏడాది తర్వాత, 1946 ఆగస్టు 31న, ‘ది న్యూయార్కర్’ ఓ సంచిక మొత్తాన్నీ జాన్ హెర్సీ కథనానికి ఇచ్చింది. ఆరుగురు మనుషులు, పేలుడు కేంద్రానికి ఎవరెంత దూరంలో ఉన్నారు, ఆ క్షణంలో ఏం చేస్తున్నారు, తర్వాత ఒంట్లో ఏం మారింది. విశేషణాలు చాలా తక్కువ. ఆయుధాల గురించి ఎలా రాయాలో నేర్చుకోదలచిన విలేకరి అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు.

గాల్లో విచ్చుకుని చిన్న బాంబులను వెదజల్లే క్లస్టర్ బాంబుల విషయంలో ఈ క్రమశిక్షణ మరీ అవసరం. 1964–73 మధ్య లావోస్‌పై అమెరికా వేసినవాటిలో చిన్న బాంబులే 27 కోట్లకు పైబడి ఉంటాయని, వాటిలో 30 శాతం దాకా పేలలేదని అంచనా. ఫిరంగి గుళ్ల నుంచి వెదజల్లే రకాల్లోనైతే పడేటప్పుడు పైనున్న రిబ్బను గాలికి విప్పుకుని, మరను తిప్పి, ఫ్యూజును సిద్ధం చేయాలి. తక్కువ ఎత్తునుంచి విడిచినా, రిబ్బను మెలిపడినా, కొమ్మకు తగులుకున్నా, మెత్తటి బురదలో వాలుగా దిగినా అవి పేలకుండా మిగిలిపోవచ్చు. స్వయంనాశక ఏర్పాటున్న ఎం85 రకంలో వైఫల్యం ఒక శాతం దరిదాపుల్లోనే ఉంటుందని చెప్పుకొచ్చారు. 2006లో దక్షిణ లెబనాన్ పొలాల్లో అది పదిశాతం దాకా తేలింది. కాబట్టి ఎవరైనా శాతం చెబితే, ఏ నేలమీద పరీక్షించారని అడగాలి. చట్టసభల్లో అడగాలి, స్టూడియోల్లో అడగాలి, మేమూ అడగాలి.

ఇప్పుడు ఒట్టావా నుంచి తప్పుకున్న ఆ అయిదు దేశాలూ 1996 నిబంధనావళిలో ఇంకా ఉన్నాయి. 8 గ్రాముల నియమం వాటికి వర్తిస్తుంది. స్వయంనాశక ఏర్పాటు లేని పాతరలు పెడితే హద్దులు గుర్తించాలి, కంచె వేయాలి, సైనికులు కాపలా ఉండాలి, ఆ చోటు వదిలివెళ్లే ముందు తీసేయాలి. ఎక్కడ పెట్టారో రికార్డు రాసి ఉంచాలి. ఇవి నిబంధనలు; వీటికి తోడు మేం కోరేది మరో రెండు. ఆ రికార్డులు సక్రమంగా ఉన్నాయో లేదో తమ పార్లమెంట్ల కమిటీలతో ఏటా తనిఖీ చేయించాలి. తొలగింపు ఖర్చును పాతర కొన్న రోజునే బడ్జెట్‌లో విడిగా చూపించాలి.