సవరణ: గాయపడ్డ జింక జాడ పట్టే కుక్క సాధనకి రక్తం ఎంత పోయాలి?

వేటలో గాయపడి పారిపోయిన జింకని వెతకడం కుక్కకి నేర్పడానికి నేల మీద రక్తం చిలకరించి సాధన జాడ వేస్తారు. ఇందులో జర్మనీ పద్ధతి గురించి మొన్న రాసినదాంట్లో 200 మీటర్ల సాధన జాడకి పావు లీటరు రక్తం అని పడింది. తప్పు. పావు లీటరు అన్నది అక్కడ ఈ కుక్కలకి పెట్టే పరీక్షలో వెయ్యి మీటర్ల జాడ మొత్తానికి. ఆ లెక్కన 200 మీటర్లకి 50 మిల్లీలీటర్లు చాలు.

ఎక్కువ పోస్తే కుక్క తల పైకెత్తి, గాలిలో వాసన పడుతూ పరిగెడుతుంది. అసలు వేటలో వంద అడుగులకే రక్తం ఆగిపోవచ్చు, అప్పుడు దిక్కులు చూస్తుంది. ముక్కు నేలకి ఆనించి గిట్టల వాసన పట్టాలి. రో జింకకి (యూరప్‌లోని చిన్న జింక) వెనక కాళ్ల గిట్టల మధ్య వాసన వదిలే గ్రంథి ఉంటుంది. అందుకే అడుగున గిట్టలు బిగించే ప్రత్యేకమైన బూట్లు తొడుక్కుని జాడ వేస్తారు. ముందరి గిట్టలకన్నా వెనకవి బిగించడం మేలు.

జాడ వేశాక కుక్కని వదలడానికి రెండు గంటలాగితే చాలన్నది కూనలకే. తర్వాత ఆ వ్యవధి పెంచుతూ జాడని రాత్రంతా వదిలేయాలి. పరీక్షలో కనీసం 20 గంటలు.

ఇంకొకటి, మలుపులు తెలిసిన మనిషి తాడు పట్టుకుంటే తెలియకుండానే లాగేస్తాడు. జాడ వేసేది ఒకరు, నడిపేది ఇంకొకరు.

(మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకల వేట నేరం.)