హాబ్స్‌బర్గు వారి వరసలు

అమ్మమ్మే మేనత్త కూడా అయితే సంక్రాంతికి ఆవిడకు ఒక చీర పెట్టాలా, రెండు పెట్టాలా? మా ఇంట్లో ఈ పేచీ ఏటా లేచేది. మా నాన్న మా అమ్మకు సొంత మేనమామ. అంచేత అమ్మను కన్న తల్లి నాకు అమ్మమ్మా అయింది, నాన్నకు అక్క గనక మేనత్తా అయింది. ఆవిడ ఏనాడూ ఒక్క చీరతో సరిపెట్టుకోలేదు. తిట్టేటప్పుడు కూడా రెండు హోదాల్లోనూ తిట్టేది.

ఈ చిక్కు మా ఒక్క కొంపకే ఉందనుకునేవాణ్ణి. స్పెయిన్ రాజు రెండో కార్లోస్ వంశవృక్షం చూశాక ప్రాణం లేచొచ్చింది. 1661లో పుట్టిన ఆ మహారాజుదీ అచ్చంగా మా కథే. తండ్రి నాలుగో ఫిలిప్, తల్లి మరియానాకు స్వయానా మేనమామ. అమ్మమ్మ మరియా అన్నాయే మేనత్త. నాన్నను కన్నవాళ్ళే అమ్మమ్మనూ కన్నారు గనక, వాళ్ళు ఒక వైపు నుంచి తాతా నాన్నమ్మా, ఇంకో వైపు నుంచి ముత్తాతా తాతమ్మా. పాపం ఆ అమ్మమ్మ 1646లోనే, ఇతను పుట్టకముందే పోయింది. లేకపోతే మాడ్రిడ్ కోటలోనూ చీరల పేచీ ఉండేదే.

కార్లోస్ పుట్టిన ఈ హాబ్స్‌బర్గు వంశం పేరెత్తితే చాలు, ముందుకు పొడుచుకొచ్చిన వాళ్ళ కింది దవడ మీద జోకులు వేయడం ఇప్పుడు ఫ్యాషనైపోయింది. ఆరున్నర శతాబ్దాల పాటు యూరప్‌లో ఏదో ఒక మూల సింహాసనం మీద కూర్చున్న కుటుంబాన్ని పట్టుకుని ఇంత చులకనా? ఆ ఇంటివాళ్ళు ఇప్పుడు జవాబు చెప్పుకునే పరిస్థితిలో లేరు కాబట్టి, మేనరికపు బిడ్డగా నేనే వాళ్ళ తరఫున వకాల్తా పుచ్చుకుంటున్నాను. ఫీజు అక్కర్లేదు.

ముందు కాగితాలు చూద్దాం. నూట యాభై గజాల ప్లాటు కొనాలన్నా లింకు డాక్యుమెంట్లు అడుగుతాం, ముప్పయ్యేళ్ళ ఈసీ తీయిస్తాం. సామ్రాజ్యానికి అడగమా? స్విట్జర్లాండ్‌లో ఆర్గౌ ప్రాంతపు గుట్ట మీద ఒక చిన్న కోట. హాబ్స్‌బర్గ్ అంటే డేగకోట అని అర్థం చెబుతారు. అక్కడి జమీందారు రూడాల్ఫ్ 1273లో జర్మన్ రాజుగా ఎన్నికయ్యాడు. 1278లో బొహీమియా (ఇప్పటి చెక్ ప్రాంతం) రాజు ఒట్టోకార్‌ను యుద్ధంలో ఓడించి ఆస్ట్రియాను సొంతం చేసుకున్నాడు. ఇంతవరకూ కాగితాలు సవ్యంగానే ఉన్నాయి.

తేడా కొట్టింది 1356లో. చక్రవర్తిని ఎన్నుకునే హక్కు ఏడుగురికే ఉంటుందని నాలుగో కార్ల్ చక్రవర్తి శాసనం రాయించాడు. ఆ ఏడుగురిలో ఆస్ట్రియా లేదు. ఆ చక్రవర్తి అల్లుడే ఆస్ట్రియా డ్యూకు నాలుగో రూడాల్ఫ్. సొంత మామగారే విస్తరి వేయకుండా పంక్తి లేపేస్తే ఏ అల్లుడికి కాలదు? ఇరవై ఏళ్ళయినా లేని ఆ కుర్రాడు అలిగి మూల కూర్చోలేదు. 1358-59లో తన కచేరీలోనే దొంగ దస్తావేజుల కట్ట ఒకటి పుట్టించాడు. అందులో ఆస్ట్రియాకు ప్రత్యేక హక్కులిస్తూ జూలియస్ సీజర్ రాసిన ఉత్తరం ఒకటి, నీరో రాసిన ఉత్తరం ఒకటి. మన దగ్గర చనిపోయిన తాత వేలిముద్ర వేయిస్తే కేసవుతుంది. ఆయన ఏకంగా పదమూడు, పద్నాలుగు వందల ఏళ్ళ కిందట పోయినవాళ్ళ చేత సంతకం పెట్టించాడు.

మామగారికి అనుమానమొచ్చి ఆ ఉత్తరాలను ఇటలీ కవి పెట్రార్క్‌కు పంపాడు. 1361లో పెట్రార్క్ జవాబు రాశాడు: సీజరు తన గురించి ‘మేము’ అని రాసుకునే మనిషి కాడు, ‘అగస్టస్’ అనే బిరుదు అతనికి లేనే లేదు, ఇది రాసినవాడికి అక్షరం ముక్క రాదు. ఇంకొకరైతే తలదించుకునేవారు. ఈ ఇంట్లో అలాంటి అలవాటు లేదు. తొంభై ఏళ్ళు ఓపిక పట్టారు. ఈలోగా వాళ్ళ వంశంలోనే మూడో ఫ్రెడరిక్ చక్రవర్తి అయ్యాడు. 1453లో ఆయన ఆ దొంగ కాగితాలన్నీ అసలైనవేనని రాజముద్ర వేసేశాడు. అర్జీ పెట్టుకున్నవాడే సబ్ రిజిస్ట్రారైతే పని ఎంత సుళువు! అలా పుట్టిన బిరుదే ‘ఆర్చ్‌డ్యూక్’. మన అపార్టుమెంటు సంఘాల్లో ‘గౌరవ ముఖ్య సలహాదారు’ పదవి ఎలా పుడుతుందో, అలా. ఆ పత్రాలు నకిలీవని పండితులు తేల్చేసరికి 1852 వచ్చింది. అప్పటికి దాని మీద నాలుగు వందల ఏళ్ళ అనుభవ హక్కు వచ్చేసింది.

ఫ్రెడరిక్ కొడుకు మాక్సిమిలియన్‌కు హక్కులు చాలలేదు, పూర్వీకులు కావాల్సొచ్చారు. ఖజానాలో ఎప్పుడు చూసినా అప్పులే. మింగ మెతుకు లేకపోయినా మీసాలకు సంపెంగ నూనె తప్పదు కదా. వంశకర్తలను వెతకడానికి పండితులను జీతాలిచ్చి పెట్టాడు. యాకోబ్ మెన్నెల్ అనే ఆయన మఠాలూ గ్రంథాలయాలూ గాలించి, ఈ వంశం ట్రాయ్ నగరపు వీరుడు హెక్టర్ దగ్గర మొదలైందని తేల్చాడు. అదీ చాలక వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్ళి నోవహు దాకా లాక్కెళ్ళారు. ఆ లంకె సరిగా ఉందో లేదో చూడమని వియన్నా విశ్వవిద్యాలయపు వేదాంత శాఖకు పంపారు. ఆ పండితుల అవస్థ తలుచుకుంటే జాలేస్తుంది. జలప్రళయం తర్వాత మిగిలింది ఆ ఒక్క ఇల్లే. ఆ లెక్కన చక్రవర్తి గుర్రపుసాలలో పేడ ఎత్తేవాడూ నోవహు మనవడే. కాదంటే చక్రవర్తికి కోపం, ఔనంటే పేడ ఎత్తేవాడు చుట్టమవుతాడు.

నవ్వకండి. రాజమహేంద్రవరం చాళుక్యుల రాగి శాసనాలు తీసి చూడండి, చంద్రుడి దగ్గర మొదలవుతాయి. మాక్సిమిలియన్ కనీసం భూమ్మీదే ఉన్నాడు.

ఆయన తన వంశ ప్రతిష్ఠకు విజయతోరణం కూడా కట్టించాడు. కాకపోతే కాగితంతో. ఆల్బ్రెక్ట్ డ్యూరర్ వంటి చేయితిరిగిన కళాకారులతో 195 చెక్క దిమ్మలు చెక్కించి, మూడు మీటర్లకు పైగా ఎత్తున అచ్చేయించాడు. నడుమ వంశవృక్షం, చుట్టూ బిరుదులు. రాతితో కడితే డబ్బవుతుంది మరి.

ఇంత దరిద్రంలోనూ వీళ్ళు రాజ్యాలు ఎలా కూడబెట్టారంటే, పెళ్ళిళ్ళతో. ‘ఇతరులు యుద్ధాలు చేసుకోనీ, అదృష్టవంతురాలైన ఆస్ట్రియా, నువ్వు పెళ్ళిళ్ళు చేసుకో’ అని లాటిన్‌లో ఒక సామెతే ఉంది. 1477లో మాక్సిమిలియన్ బుర్గుండీ వారసురాలిని చేసుకున్నాడు. ఆయన కొడుకు 1496లో స్పెయిన్ రాజకుమారిని చేసుకున్నాడు. ఇక 1515 జులైలో వియన్నాలోని సెయింట్ స్టీఫెన్ చర్చిలో జరిగిన పెళ్ళి ఉందే, అది చూసి తీరాలి. హంగరీ రాజుగారి అమ్మాయి ఆన్నాకు పన్నెండేళ్ళు నిండీ నిండలేదు. పీటల మీద పక్కన నిలబడింది 56 ఏళ్ళ మాక్సిమిలియన్. తన ఇద్దరు మనవళ్ళలో ఎవరో ఒకరి బదులుగా నిలబడ్డాడు. ఏ మనవడో ఇంకా తేలలేదు. ఎవరూ కుదరకపోతే తానే చేసుకుంటానని మాటిచ్చాడు. శుభలేఖలో వరుడి పేరు దగ్గర చుక్కలు పెట్టి వదిలేసిన పెళ్ళి ఇదొక్కటే అయుంటుంది. చివరికి రెండో మనవడు ఫెర్డినాండ్ చేసుకున్నాడు. 1526లో ఆన్నా తమ్ముడు మొహాచ్ యుద్ధంలో పోయాడు. హంగరీ, బొహీమియా కిరీటాల మీద బావగారికి హక్కొచ్చింది.

ఇలా ఊరందరి ఆస్తీ పెళ్ళిళ్ళతో మనింటికి వస్తే, మన ఆస్తీ పెళ్ళిళ్ళతోనే బయటికి పోతుందని అర్థమైపోతుంది. మా ఆరెకరాల కొబ్బరితోట గడప దాటకూడదనే కదా మా అమ్మను మేనమామకిచ్చారు. వాళ్ళది మిలాన్ నుంచి పెరూ దాకా. ఎకరాల్లో తేడా తప్ప బుద్ధి ఒకటే.

ఇక్కడ నేను మా తాతయ్య పద్ధతిలో వాళ్ళ వంశవృక్షానికి వరసలు కట్టి చూశాను. స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ 1570లో చేసుకున్న నాలుగో భార్య ఆన్నా, సొంత చెల్లెలి కూతురు. వరస కుదిరింది. ఆ పిల్లను మొదట అతని కొడుకు డాన్ కార్లోస్‌కు అనుకున్నారు. కొడుక్కి మేనత్త కూతురే గనక అదీ కుదిరింది. కొడుకు పోయాడు, తండ్రి చేసుకున్నాడు. నాలుగో ఫిలిప్ కథా ఇంతే: కొడుక్కి అనుకున్న మరియానాను, ఆ కొడుకు 1646లో పోతే, 1649లో తండ్రే చేసుకున్నాడు. ఆయనకు 44, పిల్లకు 14. ఆస్ట్రియా వైపు కార్ల్ 1571లో అక్క కూతురిని చేసుకున్నాడు. 1666లో లియోపోల్డ్ చక్రవర్తీ అక్క కూతురినే. అన్నీ మేనమామ పెళ్ళిళ్ళే. వీళ్ళంతా పోపుగారి దగ్గర ప్రత్యేక అనుమతి తెచ్చుకున్నారు. మన పురోహితుడిని అడిగుంటే ఆ ఖర్చు కూడా ఉండేది కాదు.

కానీ ఒక చోట నాకు నోట మాట రాలేదు. 1548లో రెండో మాక్సిమిలియన్ చేసుకున్న మరియా ఎవరనుకున్నారు? సాక్షాత్తూ పెదనాన్న కూతురు! ఆమె తండ్రి ఐదో చార్లెస్, ఇతని తండ్రి ఫెర్డినాండ్ తోడబుట్టిన అన్నదమ్ములు. వాళ్ళ పిల్లలు అన్నాచెల్లెళ్ళు కారూ? మూడో ఫిలిప్ 1599లో చేసుకున్న మార్గరెట్ అయితే వాళ్ళమ్మకు చిన్నాన్న కూతురు. అంటే పిన్ని. మా అమ్మమ్మకు ఈ సంగతి చెబితే రెండు హోదాల్లోనూ చెవులు మూసుకునేది. దవడ సంగతి నాకు తెలియదు గానీ, నా దృష్టిలో ఈ వంశానికి దెబ్బ తగిలింది ఇక్కడే.

డాక్టర్లు ఒప్పుకోరు. జన్యువుకు పిన్నీ మరదలూ తేడా తెలియదంటారు. స్పెయిన్‌లోని సాంతియాగో విశ్వవిద్యాలయం వాళ్ళు పదహారు తరాల్లో మూడువేల పైచిలుకు బంధువుల వివరాలతో లెక్క కట్టి 2009లో ప్రచురించారు. తోబుట్టువులకు పుట్టిన బిడ్డలో రక్తసంబంధపు గుణకం 0.25 ఉంటుంది. మన కార్లోస్‌కు 0.254. తోబుట్టువులెవరూ పెళ్ళాడకుండానే తోబుట్టువుల బిడ్డను దాటేశారు. 1527 నుంచి 1661 దాకా ఆ రాజుల ఇళ్ళలో 34 మంది పిల్లలు పుడితే 10 మంది ఏడాది నిండకుండా, మొత్తం 17 మంది పదేళ్ళు రాకుండా పోయారు. కార్లోస్ నాలుగేళ్ళకు మాట్లాడాడు, ఎనిమిదేళ్ళకు నడిచాడు. నాలుక పెద్దది, నమలడం కష్టం. ఎవరో చేతబడి చేశారని ఊరంతా నమ్మింది. దయ్యాలు వదిలించే పూజారులనూ పిలిపించారు. చేసినవాళ్ళెవరో తెలియాలంటే ఆ గోడల మీదున్న తైలవర్ణ చిత్రాలు చూస్తే సరిపోయేది.

ఆ చిత్రాల్లోనే అతని అక్క మార్గరీటా ఉంది. ఆస్థాన చిత్రకారుడు వెలాస్కెజ్ గీసిన ‘లాస్ మెనినాస్’ బొమ్మ నడిమధ్యన తెల్లగౌనులో నిలబడ్డ ఐదేళ్ళ పాప. పాప ఎలా ఎదుగుతోందో చూసుకోమని మాడ్రిడ్ నుంచి వియన్నాకు బొమ్మలు పంపేవారు. ఒకదాంట్లో గులాబీ రంగు గౌను, ఇంకోదాంట్లో తెలుపు, మరోదాంట్లో నీలం. గౌను పెద్దదవుతుంటుంది, లోపలి మొహం మాత్రం అదే పసి మొహం. అందుకునేది మేనమామ లియోపోల్డ్, కాబోయే మొగుడు. పెళ్ళయ్యాక కూడా ఆయన్ని ‘మామయ్యా’ అనే పిలిచేదట. ఆ పిలుపు మా ఇంట్లోనూ విన్నాను. ఇరవై ఒక్క ఏళ్ళకే, 1673లో పోయింది. నలుగురు పిల్లల్లో మిగిలింది ఒక్కతే, ఆ అమ్మాయి గుణకం 0.30.

మనవైపు 1955 నాటి హిందూ వివాహ చట్టం మేనమామ పెళ్ళిని నిషిద్ధ సంబంధాల్లోనే రాసింది. ఆచారముంటే ఫరవాలేదని పక్కనే వెసులుబాటు ఇచ్చింది. పోపుగారి అనుమతి లాంటిదే, మనకు ఉచితం.

ఇంత కాపాడిన ఆస్తి ఏమైందంటారా? 1700 నవంబరు 1న, 39 నిండడానికి ఐదు రోజుల ముందు, కార్లోస్ పిల్లల్లేకుండా పోయాడు. వీలునామాలో మొత్తం రాసిచ్చింది ఎవరికనుకున్నారు? తరాల తరబడి పగవాడైన ఫ్రాన్సు రాజు మనవడికి. దాని మీద యుద్ధం 1714 దాకా. వియన్నాలో మగసంతానం 1740లో ఆగింది. ఆ ఆఖరి మగవారసుడి కూతురు మరియా తెరీసాకు అప్పటికే లొరేన్ డ్యూకును ఇల్లరికం తెచ్చుకున్నారు. అతని చేత సొంత ఊరు వదిలించి, ఇంటిపేరుకు హైఫన్ తగిలించారు. ఆ తర్వాతి చక్రవర్తులంతా, గిలకమీసాల ఫ్రాంజ్ జోసెఫ్‌తో సహా, మన లెక్కలో లొరేన్ వారే. మా కొబ్బరితోట అమ్మిందీ బయటివాడు కాడు లెండి, మా అన్నయ్యే.

1900లో యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ సోఫీ చోటెక్‌ను ప్రేమించి చేసుకుంటానన్నాడు. పాత కులీన కుటుంబమే, కానీ సరిసమానం కాదన్నారు. వెతుక్కుంటూ వచ్చిన బయటి రక్తం! పుట్టబోయే పిల్లలకు వారసత్వం లేదని జూన్ 28న అందరి ముందూ ప్రమాణం చేయించారు. దర్బారులో ఆమెను అందరికన్నా వెనక నడిపించారు. సరిగ్గా పద్నాలుగేళ్ళకు, అదే జూన్ 28న, సరయేవోలో ఇద్దరినీ కాల్చేశారు. చావులోనూ మర్యాద తప్పలేదు. ఆమె శవపేటికను ఆయన పేటిక కన్నా కింద పెట్టారు.

1918లో కూలిపోయిన ఆ సామ్రాజ్యపు చివరి యువరాజు ఓటో 2011లో పోయాడు. ఆస్ట్రియాలో 1919 చట్టం బిరుదులు రద్దు చేసింది, పేరులో గొప్పింటి గుర్తైన ‘ఫాన్’ పెట్టుకోనివ్వదు. జులై 16న పేటికను వియన్నాలో ఆ వంశపు సమాధులుండే కపూచిన్ సన్యాసుల నేలమాళిగ ముందు దించారు. కర్రతో తలుపు మీద మూడుసార్లు కొట్టారు. లోపలి నుంచి సన్యాసి అడిగాడు, ‘ఎవరు?’ టస్కనీ, క్రాకో, లొరేన్, సాల్జ్‌బర్గ్, త్రియెస్తే అంటూ చేంతాడంత జాబితా చదివారు. ‘మేమెరుగం.’ మళ్ళీ కొట్టారు. ఈసారి డాక్టరేట్లు, యూరప్ పార్లమెంటు సభ్యత్వం చదివారు. ‘మేమెరుగం.’ మూడోసారి ‘ఓటో. మర్త్యుడు, పాపి’ అన్నారు. తలుపు తెరుచుకుంది.

గుండె మాత్రం ఆ పేటికలో లేదు. విడిగా తీసి కలశంలో పెట్టి, మర్నాడు హంగరీలోని పన్నోన్‌హాల్మా మఠంలో ఉంచారు. రెండూ ఒకే చోట పెట్టేస్తే, అక్కడి వాటా అడిగేవాడెవడు?